పూల తడిక

పర్చూరు సెంటర్లో పురుగుమందుల కొట్టు నడిపే వీరాంజనేయులి ముందు ఫియట్ కారు మాట ఎత్తకూడదు. పొరపాటున ఎత్తారా, ఇక మీ పని అయిపోయినట్టే. పత్తి చేలో పచ్చపురుగు పడిందని పరుగెత్తుకొచ్చిన రైతు, పురుగు సంగతి పురుగు చూసుకుంటుందిలే అని కొట్టు అరుగు మీద కూలబడి, ఇటలీ వాళ్ళు ఇంజన్ ఎలా తయారుచేస్తారో మొదట్నించీ చివరిదాకా వినాల్సిందే.

"అన్నా, మందియ్యన్నా. పొద్దు పోతోంది."

"ఇస్తాలేవయ్యా. ముందు ఇది చెప్పు. నువ్వు ఎప్పుడైనా ఫియట్ బండిని రోడ్డు పక్కన బానెట్ ఎత్తి చూశావా?"

చూశానంటే గొడవ. చూడలేదంటే, "మరి!" అని బల్ల మీద ఒక్క చరుపు చరిచి, అప్పుడు మందు డబ్బా తీసేవాడు. ఆ రైతు ఇంటికెళ్ళి పెళ్ళాంతో, "మందు కొనడానికెళ్తే మనకి కారమ్మేట్టున్నాడే ఆ మనిషి" అనేవాడు. అమ్మడానికి కారేముంది, ఉన్నది ఒక్కటే. రెండు వేల సంవత్సరంలో కొన్న ఫియట్ సియెనా. తెల్లటిది. రోజూ పొద్దున్నే నూలుగుడ్డతో తుడిచేవాడు. ఆ గుడ్డ ఇంకెవరు ముట్టుకున్నా ఊరుకునేవాడు కాదు, పెళ్ళాం మాధురితో సహా.

కొనేటప్పుడు వద్దనని వాడు లేడు. సామాన్లు దొరకవన్నారు, అమ్మబోతే కొనేవాడుండడన్నారు, అందరూ కొనేదే కొనుక్కోవచ్చు కదా అన్నారు. ఎవరెంత చెబితే అతనికి అంత పంతం పెరిగింది. ఊరికే పుట్టిన పంతం కాదు లెండి అది. చిన్నప్పుడు పొగాకు చేలో అతని తల్లిని కట్లపాము కరిచింది. జోరువాన, రోడ్డు మీద నీళ్ళు, బస్సుల్లేవు. ఊళ్ళో ఇంకెవరినో చూడ్డానికొచ్చిన చీరాల డాక్టరుగారు ఆమెను తన పాత ఫియట్‌లో పడుకోబెట్టుకుని, నీళ్ళల్లోంచే మెల్లగా చీరాల చేర్చాడు. వెనకసీట్లో తల్లి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పిల్లాడికి దారి పొడుగునా వినపడింది ఒక్క ఇంజన్ చప్పుడే. తల్లి బతికింది. "ఆ రోజు ఆ ఇంజన్ ఒక్కసారి దగ్గుంటే నాకు అమ్మ లేదు" అని ఎప్పుడూ చెప్పేవాడు. అలా చెప్పేటప్పుడు మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు.

ఒక్క మామగారి దగ్గరే అతని పప్పులుడకలేదు.

మామ పేరయ్యది పక్కనే నాగులపాలెం. మిరప, పత్తి వేస్తాడు. గట్టు తగాదా వచ్చినా, నీళ్ళ వంతు తగాదా వచ్చినా ఊరు ఆయన దగ్గరికే వెళ్ళేది. తక్కువ మాట్లాడతాడు, ఆ మాట్లాడింది నిలబడుతుంది. ఇంకో పేరు కూడా ఉంది ఆయనకి. మిరపకాయ బస్తా, అదే మన టిక్కీ, కుట్టడంలో ఆయన చేతికి సాటి లేదు. దబ్బనం, పురికొస పట్టి ఆయన కుట్టాడంటే, గుంటూరు యార్డులో లారీ మీంచి కిందపడ్డా ఒక్క కాయ బయటికి రాదు. అలాంటి మనిషి కొత్త కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "అల్లుడుగారూ, ట్రాక్టరు కొన్నా దుక్కి దున్నేదిగా. ఈ ఇటలీ డబ్బా ఏం దున్నుద్దండీ?" అన్నాడు.

డబ్బా! వీరాంజనేయులికి ఆ పూట అన్నం దిగలేదు. ఆ తర్వాత రెండేళ్ళపాటు పేరయ్య ఆ కారెక్కలేదు. కూతురింటికొచ్చినా బస్సులో రావడం, బస్సులో పోవడం. "దింపుతాను మావయ్యా" అంటే, "ఎందుకండీ, బస్సుందిగా" అనేవాడు. పెద్దల్లుడు పిచ్చేశ్వరరావు ఇంకో కంపెనీ కారు కొంటే మాత్రం ఎక్కాడు. అది తెలిసిన రోజున వీరాంజనేయులు సియెనాని మామూలు కంటే ఎక్కువసేపు తుడిచాడు.

పేరయ్య ఆ డబ్బా మాట వెనక్కి తీసుకునే రోజు వచ్చింది. రెండు వేల రెండు ఏప్రిల్‌లో, నాగులపాలెం కల్లంలో ఎర్రగా ఆరబోసిన మిరపకాయల మధ్య తాలుకాయలు ఏరుతూ ఏరుతూ అత్తగారు పున్నమ్మ విరుచుకు పడిపోయింది. వడదెబ్బ. పర్చూరు డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, ఆలస్యం చేయకుండా గుంటూరు తీసుకెళ్ళమన్నాడు. వీరాంజనేయులు కొట్టు తెరిచినది తెరిచినట్టే వదిలేసి కారు తీశాడు. పేరయ్య ఆలోచించకుండా ఎక్కి పెళ్ళాం తల ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపల ఏసీ మంచులా కొడుతోంది, బయట చిలకలూరిపేట రోడ్డు ఉడికిపోతోంది. ఎక్కడా ఆగలేదు ఆ బండి. పున్నమ్మ ఆ సాయంత్రానికి కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది.

ఆసుపత్రి బయట పేరయ్య వచ్చి కారు బానెట్ మీద చెయ్యి వేశాడు. కాలింది, అయినా తీయలేదు. "డబ్బా అన్నాను. నోటిదూల" అన్నాడు. "మీ బండి మా ఆవిణ్ణి నాకిచ్చిందండీ."

వీరాంజనేయులికి ఏడుపొచ్చింది. ఫియట్ గురించి చెప్పడానికి ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు, పాపం.

మే నెలలో బావమరిది లక్ష్మీకాంత్ పెళ్ళి. ఆడపెళ్ళివారిది ఇంకొల్లు. పెళ్ళికొడుకుని తన కారులోనే తీసుకెళ్ళాలని పిచ్చేశ్వరరావు అప్పటికే బండి కడిగించి ఉంచాడు. పెద్దల్లుడు కదా, మర్యాద ప్రకారం అతనిదే. కానీ పేరయ్య పందిట్లో అందరి ముందూ, "పెళ్ళికొడుకు చిన్నల్లుడుగారి బండిలో వెళ్తాడు. నేను ముందు సీట్లో కూర్చుంటా" అన్నాడు. ఆయన అన్నాడంటే ఇక దానికి తిరుగులేదు. పిచ్చేశ్వరరావు మొహం మాడిపోయింది. వీరాంజనేయులు మాత్రం నేల మీద లేడు.

అంతటితో ఆగినా బాగుండేది. పూలు కట్టేవాళ్ళు వచ్చి ఏదో నాలుగు దండలు వేలాడదీసి పోతామంటే పేరయ్య ఒప్పుకోలేదు. "మా ఆవిణ్ణి బతికించిన బండయ్యా ఇది. నేను కడతా" అని పంచె ఎగ్గట్టి కూర్చున్నాడు. కొబ్బరి మట్టలు కోయించాడు. ఆకులు ఒకదాంట్లో ఒకటి దూర్చి చక్కటి తడిక అల్లాడు. దాని మీద బంతిపూలు, మల్లెలు, మావిడాకులు దట్టంగా పరిచి దబ్బనంతో కుట్టాడు. దాన్ని కారు మూతికి, బానెట్ అంచు నుంచి బంపరు కిందిదాకా, పురికొసతో బిగించి కట్టాడు. టిక్కీ కుట్టినట్టే కుట్టాడు. వేలు దూరే సందు లేదు. కుట్టడం అయ్యాక వెనక్కి జరిగి, చిన్నపిల్లాడిలా నవ్వుతూ, "ఎలా ఉందండీ అల్లుడుగారూ?" అన్నాడు.

ఎలా ఉంది? గాలి పోయే దారి మొత్తం మూసుకుపోయింది. వీరాంజనేయులికి చూడగానే తెలిసింది. దాని వెనకాలే రేడియేటర్ ఉందని, దానికి గాలి తగలాలని ఫియట్ గురించి ఊరందరికీ పాఠాలు చెప్పేవాడికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? నోరు తెరిచాడు కూడా. కానీ రెండేళ్ళు డబ్బా అన్న మనిషి వేళ్ళకి దబ్బనం పొడుచుకుని రక్తం చిమ్మితే పంచెకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. "బ్రహ్మాండంగా ఉంది మావయ్యా" అన్నాడు. దారిలో స్పీడుకి ఎంతోకొంత గాలి ఆడుతుందిలే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

ఇంకొల్లు పొలిమేరదాకా అలాగే జరిగింది. స్టీరింగు వెనకాల ఇంజన్ వేడి చూపించే ముల్లు కొంచెం పైకి లేచింది గానీ, మరీ భయపడేంతగా లేదు. అక్కడ ఎదురుకోలుకి ఆడపెళ్ళివారు బ్యాండు మేళంతో సిద్ధంగా ఉన్నారు. ఇక మొదలైంది ఊరేగింపు. మిట్టమధ్యాహ్నం దాటినా ఎండ తగ్గలేదు, తారు బూట్లకి అంటుకుంటోంది. ముందు బ్యాండు, బ్యాండు ముందు కుర్రకారు, వాళ్ళ డాన్సులు, వాళ్ళ టపాకాయలు. వెనకాల సియెనా అడుగులో అడుగేస్తూ. సూటులో ఉన్న లక్ష్మీకాంత్ చెమట పట్టకుండా ఏసీ పెద్దగా పెట్టారు. బండి పక్కనే నడుస్తున్న పిచ్చేశ్వరరావు నల్లద్దాలు పెట్టుకుని, అప్పుడప్పుడూ వంగి లోపలికి చూస్తున్నాడు.

ముల్లు సగం దాటింది.

వీరాంజనేయులు ఏసీ ఆపాడు.

"బావా, ఏసీ పోయిందా?" అన్నాడు వెనకనుంచి పెళ్ళికొడుకు.

"పోలేదురా. అద్దాలు దించితే నిన్ను జనం చూస్తారు. పెళ్ళికొడుకువి కదా."

ముల్లు ఇంకా లేచింది. ఇప్పుడు ఆపాలి. ఆపి, కిందికి దిగి, చాకుతో ఆ పురికొసలు నాలుగు కోసి తడిక ఊడదీస్తే చాలు. ఎవరి ప్రాణమూ పోదు. కానీ ఆపిన మరుక్షణం పిచ్చేశ్వరరావు ఏమంటాడో అతనికి వినపడుతూనే ఉంది. ఇరవై ఊళ్ళ జనం ఉన్నారక్కడ. మందుల కొట్టు వీరాంజనేయులి ఫియట్ ఎదురుకోలులో ఆగిపోయిందట అని రేపు పర్చూరు సెంటరంతా చెప్పుకుంటుంది. నిన్నటిదాకా తను చెప్పిందంతా బూడిదలో పోసినట్టే అవుతుంది. కళ్యాణమండపం గేటు కనపడుతూనే ఉంది. ఇంకాస్త దూరం. ఇంకాస్త.

పక్క సీట్లో తలపాగా సర్దుకుంటున్న పేరయ్య ముందుకు వంగాడు. "అదేందండీ అల్లుడుగారూ, ఆ ముల్లు ఎర్రగీత మీదికి పోతోంది? ఎంతదాకా పోవచ్చది?"

"ఏం కాదు మావయ్యా. అది అలాగే ఉంటది."

"ఏం కాదుగా?"

"ఇటలీ ఇంజన్ మావయ్యా ఇది. మీరు నిమ్మళంగా కూర్చోండి."

పేరయ్య నిమ్మళంగా కూర్చున్నాడు. అల్లుడి మాట నమ్మాడు.

బస్టాండు ముందుకొచ్చేసరికి ముల్లు ఎర్రగీత దాటి ఆ చివరికి ఆనుకుంది. ఇంజన్లో కటకటమని చప్పుడు మొదలైంది. బ్యాండు హోరులో అది వీరాంజనేయులికి తప్ప ఎవరికీ వినపడలేదు. ఆ చప్పుడుకి అతని పళ్ళు గిట్టకరుచుకుపోయాయి. అయినా, ఛీ, అయినా కాలు యాక్సిలేటర్ మీంచి తీయలేదు. హారతి పళ్ళాలతో ఆడవాళ్ళు ఎదురొస్తుండగా, తడిక కుట్లలోంచి తెల్లగా ఆవిరి ఎగజిమ్మింది. మల్లెపూలు ఉడికిన వాసన. బండి ఒక్క కుదుపు కుదిపి చచ్చూరుకుంది.

బ్యాండు ఆగింది. ఆ నిశ్శబ్దంలో పిచ్చేశ్వరరావు నవ్వు ఒక్కటే పెద్దగా వినిపించింది. "ఏం తమ్ముడూ, ఇటలీ వాళ్ళు ఇంజన్ చేశారా, ఇడ్లీపాత్ర చేశారా?"

జనం గొల్లుమన్నారు. హారతి పళ్ళెం పట్టుకున్న ఆడపిల్లలు కూడా నవ్వాపుకోలేకపోయారు.

వీరాంజనేయులు తలుపు తోసుకుని దిగాడు. ఒళ్ళంతా మండిపోతోంది. ఏం మాట్లాడుతున్నాడో తెలిసే మాట్లాడాడు, తెలియక అని మనం సర్దిచెప్పడానికి లేదు. "ఇంజన్ని అనమాకండి! ఇంజన్‌దేం తప్పు లేదు! ముక్కూ నోరూ మూసి కుట్టేస్తే మనిషైనా చస్తాడు, బండెంత? అడగండి ఈయన్ని, ఈయన కుట్టాడు! దబ్బనం పెట్టి కుట్టాడు, టిక్కీ అనుకున్నాడు!"

చెయ్యి చాచి వేలెత్తి చూపించాడు. ఆ వేలి చివర పేరయ్య ఉన్నాడు, అప్పుడే కారు దిగి, తలపాగా ఒక పక్కకి జారి.

నవ్వులు టక్కున ఆగిపోయాయి. అల్లుడు మామని నడిరోడ్డు మీద, వియ్యాలవారి ముందు, వేలెత్తి చూపడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు. వెనక కారులోంచి దిగిన మాధురి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పేరయ్య అల్లుడి వంక చూశాడు. ఒక్క చూపే. తర్వాత వియ్యంకుడి వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "తప్పు నాదే బావగారూ. ఇంజన్లు తెలియనోణ్ణి. సరదాపడి మూసేశాను. మావాణ్ణి పెద్దల్లుడుగారి బండిలో ఎక్కించండి, ముహూర్తం దాటకూడదు."

పెళ్ళికొడుకుని బండి మార్చారు. బ్యాండు మళ్ళీ మొదలైంది. ఎవరెంత పిలిచినా పేరయ్య ఏ బండీ ఎక్కలేదు. ఆ ఎండలో, జనం చివర, తలపాగా చంకలో పెట్టుకుని మండపందాకా నడుచుకుంటూ వెళ్ళాడు. వీరాంజనేయులు ఆగిపోయిన బండి పక్కన నిలబడి ఆయన వీపు చూశాడు. లాల్చీ వెనక చెమట మరక పెద్దదై పెద్దదై నడుందాకా దిగింది. వెనకాల వెళ్ళి కాళ్ళ మీద పడాలనిపించింది. వెళ్ళలేదు. ముల్లు సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, ఎందుకని? అర్థంకాలేదా? అర్థమయ్యే ఊరుకున్నాడా? అర్థంకాలేదనే అనుకోవాలనిపించింది అతనికి. అలా అనుకోవడంలో సుఖముంది మరి.

సియెనాని ట్రాక్టరుకి కట్టి పర్చూరులో జాన్ బాషా షెడ్డుకి లాక్కొచ్చారు. జాన్ బాషా పాత స్నేహితుడు, ఇతనిలాగే ఫియట్ అంటే చెవికోసుకుంటాడు. ఇంజన్ విప్పి, వేడికి వంగిపోయిన దాని పైమూత, హెడ్డు, చేత్తో పట్టుకుని మురిసిపోయాడు. "చూశావా అన్నా! ఇంకో ఇంజనైతే పొలిమేరలోనే కూర్చునేది. ఎర్రగీత దాటినాక కూడా బస్టాండుదాకా మోసింది పిచ్చిది. అవునూ, ముల్లు చూళ్ళేదా నువ్వు?"

"ఎండ కదరా. అద్దం మీద పడి కనపళ్ళేదు."

"అంతేలే" అన్నాడు జాన్ బాషా, అనుమానం అనేది లేని మనిషి. తన ఇంజన్‌ని ఎవరైనా పొగిడితే వీరాంజనేయులికి ఒళ్ళు ముడుచుకుపోవడం అదే మొదలు. నోరులేని బండి చెప్పాల్సిన పద్ధతిలో చెబుతూనే వచ్చింది, వినకుండా కాలు నొక్కి చంపింది తను. మంచి ఇంజన్ కాబట్టే అంతదూరం చంపించుకుంది.

ఇంట్లో మాధురి కూడా అడిగింది. అన్నం వడ్డిస్తూ, మొహం చూడకుండా. "నాకు బండి నేర్పినప్పుడు మొట్టమొదట ఆ ముల్లే చూపించారు. దారి చూడకపోయినా ముల్లు చూడమన్నారు. ఆ రోజు మీరు చూళ్ళేదా?"

"చెప్పాగా. ఎండపడి..."

"సరే" అంది. చారు గిన్నె అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడిగి నాలుగు తిట్టినా బాగుండేది.

బండి బాగై వచ్చింది. వీరాంజనేయులు మాత్రం కొట్లో ఫియట్ మాట ఎత్తడం మానేశాడు. రైతులకి మందు అడిగిన వెంటనే దొరికేది. వాళ్ళకదో పెద్ద వింత. కానీ ఫియట్ కోసం మాట్లాడేవాడు లేకుండా పోలేదు. నాగులపాలెంలో పేరయ్య ఆ పని ఎత్తుకున్నాడు. బండేమైందని ఎవరడిగినా, "ఆ ఇంజన్‌కి వంక పెట్టడానికి లేదయ్యా. మా ఆవిణ్ణి గుంటూరు చేర్చిన బండి. నేనే బుద్ధిలేక మూతి కుట్టాను" అనేవాడట. అడగనివాళ్ళకి కూడా చెప్పేవాడట. ఈ కబుర్లు మోసుకొచ్చేది మందుల కోసం వచ్చే నాగులపాలెం వాళ్ళే. నవ్వుతూ చెప్పేవాళ్ళు. ఊళ్ళో ఆయనకిప్పుడు దబ్బనం పేరయ్య అని పేరు పడిందని కూడా నవ్వుతూనే చెప్పారు. వీరాంజనేయులు చిల్లర లెక్కపెడుతున్నట్టు తల వంచుకునేవాడు.

పత్తి పూతకొచ్చే రోజుల్లో, పున్నమ్మని గుంటూరులో డాక్టరుకి మళ్ళీ చూపించాల్సి వచ్చింది. పొద్దున్నే వీరాంజనేయులు సియెనా వేసుకుని నాగులపాలెం వెళ్ళాడు. మామగారు పాలకేంద్రం దగ్గరున్నారంటే, అత్తగారిని వెనక కూర్చోబెట్టుకుని అటు తిప్పాడు. పాలకేంద్రం అరుగు మీద పది పదిహేనుమంది, క్యాన్లు, చెంబులు. మధ్యలో ఇద్దరు అన్నదమ్ములు డొంకదారి గురించి గొంతులు చించుకుంటున్నారు. పేరయ్య ఒక చెయ్యెత్తి ఏదో చెప్పబోతున్నాడు. వెనకటికి ఆ చెయ్యి లేస్తే గొంతులు వాటంతటవే తగ్గేవి.

"నువ్వూరుకో పేరయ్యా" అన్నాడు అన్నదమ్ముల్లో చిన్నవాడు. "నువ్వు దారి చూపించావంటే ఉన్న దారి కూడా మూసుకుపోద్ది. పెళ్ళికొడుకు బండి చూళ్ళా?"

అరుగంతా నవ్వింది. "ఓరి దబ్బనం తెండ్రా, దారి కుట్టేస్తాడు!" అని అరిచాడింకొకడు.

పేరయ్య ఎత్తిన చెయ్యి మెల్లగా దించుకున్నాడు. ఆయనా నవ్వాడు. అదీ వీరాంజనేయులు చూడలేకపోయింది. "నిజమేలేరా" అన్నాడు ముసలాయన. "నా తెలివి అంతే. బండిది మాత్రం ఏం లేదురోయ్, బంగారంలాంటి ఇంజన్..."

వీరాంజనేయులు కారు దిగాడు. అరుగు ముందు నిలబడ్డాక ఏ వైపు చూడాలో తెలియక పాలక్యాన్ల వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"మావయ్య మూయలేదు. అంటే, మూశాడు. కానీ అది తప్పని నాకు కట్టేటప్పుడే తెలుసు. చెప్పలేదు. ఊరేగింపులో ముల్లు ఎర్రగీత మీదికి పోతుంటే మావయ్యే ముందు చూశాడు. అదేంటని నన్నడిగాడు. ఏం కాదు, కూర్చోమన్నాను. ఆపి నాలుగు తాళ్ళు కోస్తే సరిపోయేది. నా బండి ఆగిందంటారని, నలుగురూ నవ్వుతారని ఆపలేదు. ఇంజన్‌ని చంపింది నేను. చంపి, ఆయన మీద పెట్టాను."

చెవులు కాలిపోతున్నాయి. పాలు కొలిచేవాడు కొలపాత్ర ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అరిచినవాడు చెంబు తీసుకుని మెల్లగా గోడ పక్కకి జరిగాడు. డొంకదారి తమ్ముడు తలగోక్కుని, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "అయితే ఇంజన్ మంచిదేనంటావా అన్నా?" అన్నాడు.

ఒకప్పుడైతే ఆ ప్రశ్నకి పొద్దున మొదలుపెట్టి సాయంత్రందాకా చెప్పేవాడు వీరాంజనేయులు. ఇప్పుడు మామ వైపు చూశాడు.

"మంచిదేరా" అన్నాడు పేరయ్య, కండువా దులుపుకుంటూ అరుగు దిగి. తర్వాత అల్లుడితో, "పదండి. ఆసుపత్రికి టైమవుతోంది" అన్నాడు. వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

ఊరు దాటారు. రోడ్డుకి రెండు పక్కలా పత్తి చేలు పచ్చగా, పూలతో ఉన్నాయి. వెనకాల పున్నమ్మకి నిద్రపట్టింది. పేరయ్య తిడతాడేమోనని వీరాంజనేయులు ఎదురుచూశాడు. నిజానికి తిట్టాలని కోరుకున్నాడు. ఎందుకు చెప్పావు నలుగురిలో అంటాడనుకున్నాడు. పోనీలే అంటాడేమోనని కూడా ఒక మూల ఆశ ఉంది, దాచుకోవడమెందుకు.

చాలా దూరం పోయాక పేరయ్య వంగి, స్టీరింగు వెనకాల అద్దం మీద వేలు పెట్టాడు. వేలికి దబ్బనం గుచ్చుకున్న మచ్చ ఇంకా ఉంది.

"ఇది ఎంతదాకా పోవచ్చు?"

"సగందాకా పర్లేదు మావయ్యా. సగం దాటితే ఆపి చూసుకోవాలి."

"ఎర్రగీత దాకా పోతే?"

"ఇంజన్ పోద్ది."

పేరయ్య తలూపాడు. చెప్పింది మనసుకి పట్టించుకుంటున్నట్టు రెండుసార్లు ఊపాడు.

"ఆ రోజు నేనడిగిందీ ఇదే అల్లుడుగారూ" అన్నాడు.

వీరాంజనేయులు దారి మీంచి చూపు తిప్పలేదు, తిప్పే ధైర్యం లేదు. పేరయ్య మాత్రం వేలు తీశాడు గానీ, గుంటూరు చేరేదాకా ఆ ముల్లు మీంచి కళ్ళు తీయలేదు.